మాంత్రికుని మోసగించిన బాలురు

క్రిందటి సంక్రాంతి సెలవులకు ముందు మా ఉపాధ్యాయుల గదిలో నొక చిన్న విచారణ జరిగినది. ఎనిమిదవ తరగతి విద్యార్థి యొకడు తన ప్రగతిపత్రముపై తండ్రి సంతకమును తానే చేసికొని తెచ్చినాడు. తండ్రి కొన్నియేండ్లుగా దుబాయిలో నున్నాడు. తల్లి బీడీలు చుట్టి యిల్లు గడుపుచున్నది. ఆ సంతకము మిక్కిలి అందముగా నుండుటయే పట్టుబడుటకు కారణమైనది. తండ్రి మునుపు స్వహస్తముతో చేసిన సంతకము అంత అందముగా నుండలేదు.

వాని సంచి వెదకగా నొక ఆంగ్లపుస్తకము దొరకినది. నడుమ నొక పుటలో గురుతుగా తునికాకు ముక్క యుండెను. కథానాయకుడు పండ్రెండేండ్ల బాలుడనియు, నేరములు చేయుటలో మహామేధావి యనియు వెనుక అట్టపై వ్రాసియుండెను. తోడి ఉపాధ్యాయుడొకరు దానిని బల్లపై పెట్టి, “కారణము వేరే వెదుకనేల? ఇదిగో” అనిరి. నేను ఇంగ్లీషు చెప్పువాడను గాన పుస్తకమును పరీక్షించు పని నాకు వచ్చినది. ఇంటికి గొనిపోయి రెండు రాత్రులలో ముగించితిని. ఆ పరీక్షాఫలితమే ఈ వ్యాసము.

పుస్తకము పేరు “ఆర్టెమిస్ ఫౌల్”. 2001వ సంవత్సరమున వెలువడినది. గ్రంథకర్త ఓయెన్ కోల్ఫర్ ఐర్లాండు దేశస్థుడు. వెక్స్‌ఫర్డు పట్టణమున చిన్న తరగతులకు పాఠములు చెప్పిన బడిపంతులు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు కొంత సంతోషము కలిగినదని దాచను. తరగతిలో వెనుక బల్లపై కూర్చుండు బాలునకు ఏమి కావలయునో మనలో నొకడు కనిపెట్టినాడు. ఆ మొదటి పుస్తకమునకు వెనుక 2012 వరకు మరి యేడు వచ్చినవి. 2020లో చలనచిత్రము కూడ తీసిరి.

కథ యిది. ఫౌలు వంశము తరతరములుగా నేరములచేత ధనము గడించినది. తండ్రి యెక్కిన ఓడ ఉత్తరధ్రువ సముద్రమున మునిగి, అతని జాడ తెలియలేదు. ఆ దుఃఖముచేత తల్లికి మతి చలించి, మేడపైగదిలో చీకటి చేసికొని పడియుండును; కన్నకొడుకునే ఒక్కొక్కప్పుడు గుర్తింపజాలదు. ఇంట సొమ్ము తరిగిపోవుచున్నది. అప్పుడు పండ్రెండేండ్ల ఆర్టెమిస్ ఒక ఉపాయము పన్నును. భూమిక్రింద దాగియున్న అతిమానుష జాతి యొకటి కలదు. ఆ జాతిలో ప్రతివారియొద్దను తమ శాసనములన్నియు వ్రాసిన చిన్న పుస్తక మొకటి యుండును. దానిని చదువగలిగినచో వారి బలమెట్టిదో, బలహీనత యెట్టిదో తెలియును. తెలిసినచో వారిలో నొకరిని చెరపట్టి బంగారము రాబట్టవచ్చును.

ఈ జాతివారిని తెలుగున ఏమని పిలువవలయునో నాకు తోచలేదు. నిఘంటువు దేవకన్య యనును. కాని వీరిలో తుపాకి పట్టిన పోలీసులు, సొరంగములు త్రవ్వు దొంగలు, యంత్రములు చేయు నరాశ్వములు కలరు. యక్షులందమా, కుబేరుని కొలువు జ్ఞప్తికి వచ్చును. మా విద్యార్థి మాత్రము తడవుకొనక “పరీలు సార్” అని చెప్పివేసినాడు. నిజామాబాదు బోధనులలో ఉర్దూ వినని చెవి లేదు గదా. నేనును వానిమాటనే గైకొందును.

ఆర్టెమిస్ హో చి మిన్ నగరమునకు పోయి, అచ్చట త్రాగుడుచేత చెడిపోయిన యొక పరీని కనుగొనును. ఆమెకు మద్యములో తీర్థజలము కలిపి యిచ్చును; అది ఆ జాతికి విషము. విరుగుడు తనయొద్ద నున్నదని చెప్పి, ఆమె పుస్తకమును అరగంటసేపు చూచుటకు అడిగి, ఛాయాచిత్రములు తీసికొనును. మాట ప్రకారము విరుగుడు ఇచ్చును. ఆ లిపిని విప్పి చదివి, పరీలు తమ మంత్రశక్తిని నింపుకొనుటకు నిండుపున్నమినాడు నదివంపున నున్న ప్రాచీనమైన ఓకువృక్షముక్రింద గింజ తీసి మరియొకచోట పాతవలెనని తెలిసికొనును. అట్టి చోట పొంచియుండి, హాలీ షార్ట్ అను పరీ పోలీసు అధికారిణిని పట్టుకొనును. విడుదల వెల ఒక టన్ను మేలిమి బంగారము.

ఇచ్చట పాఠకులు గమనింపవలసిన దొకటి కలదు. ఈ బాలునకు కండబలము లేదు. ఆ పని చేయుటకు బట్లర్ అను అంగరక్షకు డున్నాడు. మంత్రము లేదు. పరీలకు రెండును కలవు. వారు కాలమునే ఆపివేసి ఆ మేడను చుట్టుముట్టగలరు. చూపుతోనే మనుష్యుని లోబరచుకొనగలరు. ఐనను ఆ చూపు పనిచేయకుండ ఆర్టెమిస్ అద్దపు కళ్ళజోడు పెట్టుకొనును. పిలువనిదే మనుష్యుని యింట అడుగుపెట్టరాదను శాసనము వారి కున్నదని వానికి తెలియును. వారి పుస్తకమును వారికంటె శ్రద్ధగా చదివినవాడు వాడే. కథయందలి గెలుపంతయు ఆ చదువువలన వచ్చినదే.

పిలువనిదే లోనికి రారాదను ఆ నియమము మనకు క్రొత్తది కాదు. వాల్మీకమున లేని గీతలను రంగనాథరామాయణమున లక్ష్మణుడు పర్ణశాలముందు గీయును. రాక్షసుడు వానిని దాటలేక భిక్షువై వెలుపల నిలిచి పిలుచును. ఎంత బలవంతుడైనను గడపవద్ద ఆగవలసినదే యను తలంపు ఐర్లాండునను, ఆంధ్రదేశమునను ఒకేరీతిగా నున్నది.

పరీని పట్టి బంగార మడుగుట కోల్ఫర్ తన తలలోనుండి తీసినది కాదు. ఐర్లాండులో లెప్రకాన్ అను చెప్పులుకుట్టు మరుగుజ్జు పరీని గూర్చిన కథలు ప్రసిద్ధములు. వానిని పట్టుకొని, చూపు మరల్పక బెదరించినచో దాచిన ధనమెచ్చట నున్నదో చెప్పవలెనట. ఒక్క నిమేషము ప్రక్కకు చూచినచో మాయమగును. ఒక రైతు వానిని పట్టగా, వాడు కలుపుమొక్కలతో నిండిన పెద్ద పొలములో నొక మొక్కను చూపి దానిక్రింద బంగార మున్నదనెను. రైతు గురుతుగా తన యెఱ్ఱని మేజోళ్ళపట్టీ ఆ మొక్కకు కట్టి, ఇతరుడు విప్పకుండునట్లు వానిచే మాట పుచ్చుకొని, పారకొఱకు ఇంటికి పరుగెత్తెను. వచ్చి చూచునప్పటికి ఆ పొలమందలి ప్రతిమొక్కకును ఎఱ్ఱని పట్టీ కట్టియున్నది! పరీ మాట తప్పలేదు. కట్టిన పట్టీని విప్పలేదు గదా. క్రాఫ్టన్ క్రోకరు 1825లో ప్రకటించిన ఐరిష్ కథలలో ఇది కలదు. ఆ కథలో మోసపోయిన రైతుకు మనుమని వంటివాడు ఆర్టెమిస్. వాడు ఈ పర్యాయము చూపు మరల్పలేదు. కోల్ఫరు తన పరీ పోలీసుదళమునకు పెట్టిన పేరుకూడ లెప్రకాన్ అను మాటను విరిచి చేసినదే.

పుస్తకములో నాకు రుచింపని భాగములును కలవు. తుపాకులు, యంత్రములు వర్ణించు పుటలు ఒకటి రెండైన చాలును. అవి పదులుగా నున్నవి. మట్టి తినుచు సొరంగము త్రవ్వు దొంగమరుగుజ్జు ప్రకరణము తరగతిలో బిగ్గరగా చదువదగినది కాదు. తిన్న మట్టి వెలువడు విధమును గ్రంథకర్త విపులముగా వ్రాసినాడు. బాలు రందరికిని ఆ ప్రకరణమే మిక్కిలి యిష్టమని తరువాత తెలిసినది.

ఇక నా చిన్ననాటి సంగతి కొంత చెప్పవలసియున్నది. బోధను ప్రక్క పల్లెలో మేము పెరిగితిమి. శక్కర్‌నగరులోని నిజాము చక్కెర కార్ఖానా 1937లో స్థాపింపబడినది; 2015 డిసెంబరులో మూతపడినది. నా బాల్యమున దాని పొగగొట్టము ఊరిబయటినుండియే కనబడెడిది. గానుగకాలము వచ్చెనా, నిజాంసాగరు కాలువక్రింద పండిన చెరకుతో బండ్లు వరుసకట్టెడివి. బండివాడు కునుకుపట్టగానే వెనుకనుండి గడ లాగుట మాకు విద్య. అందులో నేను మందుడను. మా అన్న మేధావి. వాడు లాగుటకు ముందు బండివానితో ముందునకు పోయి మాటలు కలిపెడివాడు, నన్ను వెనుకకు పంపెడివాడు. పట్టుబడినప్పుడు దెబ్బలు తినినది నేనే.

ఆ రోజులలో కోతలైన పిమ్మట శారదకాండ్రు ఊరికి వచ్చి, తంబురవంటి శారదను భుజమున నానించుకొని, వ్రేళ్ళ అందెలు మ్రోయించుచు రాత్రులు కథ చెప్పెడివారు. ఇంటివారు ప్రక్కన వంత పాడెడివారు. మా నాయన గుడిపెద్ద. మమ్మట్టి కథలకు పోనిచ్చువాడు కాదు. మా నాయనమ్మ మాత్రము, “బాలనాగమ్మ కథకు పోయిన బిడ్డ ఏమి చెడిపోవును?” అని దుప్పటి కప్పి వెంటబెట్టుకొని పోయెడిది. నేను బాలవర్ధిరాజును ఎరుగుట ఆ దుప్పటిలోనుండియే.

బాలనాగమ్మ కథను తెలుగుదేశమున బుఱ్ఱకథగాను, తోలుబొమ్మలాటగాను, నాటకముగాను ఆడనివా రరుదు. 1942లో జెమినీవారు చిత్తజల్లు పుల్లయ్యగారి దర్శకత్వమున చిత్రముగా తీసిరి; కాంచనమాల బాలనాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ. పాఠములు ప్రాంతమునకొకటిగా నున్నవి; కథాశరీర మొకటే. తల్లి చనిపోయి సవతితల్లిపాలైన ఏడుగురు రాచకూతుళ్ళలో కడగొట్టుది బాలనాగమ్మ. ఆ ఏడుగురును అన్నదమ్ములైన ఏడుగురు రాకుమారులను పెండ్లాడిరి. బాలనాగమ్మ కొడుకు తొట్టెలో నుండగానే మాయల ఫకీరు భిక్షమునకు వచ్చి ఆమెను కుక్కగా మార్చి నాగళ్లపూడి గట్టుకు కొనిపోయెను. వెదుకబోయిన భర్త కార్యవర్ధిరాజును, అతని అన్నలును, సేనయు రాళ్ళైరి. బాలనాగమ్మ తనకు వ్రత మున్నదనియు, అది ముగియువరకు తన్ను తాకరాదనియు చెప్పి ఫకీరును ఏండ్లతరబడి దూరముగా నుంచెను.

ఇంట మిగిలినది బాలవర్ధి యొక్కడే. పెద్దతల్లులే తల్లులని వాడు నమ్మియుండెను. నిజము తెలిసిననాడు కత్తి పట్టుకొని పోయినచో వాడును రాయియే యగును. తండ్రి చేసిన పొరపాటు అదియే. వాడు నాగళ్లపూడి చేరి, ఫకీరుకోటకు పూలదండలు పంపు తంబళ్ల పెద్ది యింట మనుమడై కుదిరినాడు. దండలో ఉంగర ముంచి తల్లికి తన రాక తెలిపినాడు. బాలనాగమ్మ ఫకీరుతో మెల్లగా మాట్లాడి, అతనికి చావున్నదా యని అడిగి, ప్రాణము సముద్రములకావల నొక చిలుకలో నున్నదను రహస్యమును రాబట్టినది. బాలుడు అచ్చటికి పోవుచు గండభేరుండపు పిల్లలను పామునుండి కాపాడెను. ఆ పక్షులు వానిని మోసికొని పోయినవి. చిలుకతో తిరిగివచ్చి ఫకీరుముందు నిలిచెను. రాళ్ళైనవారిని మరల మనుష్యులను చేయించెను. చిలుక రెక్క విరువగా ఫకీరు చేయి విరిగెను. కాలు విరువగా కాలు విరిగెను. ఆ ఘట్టము వచ్చునప్పటికి మా నాయనమ్మ దుప్పటి తీసివేసి లేచి నిలుచుండెడిది.

ఈ కథ మన గ్రామములలోనే అణగియుండలేదు. 1865-66 శీతకాలమున బొంబాయి గవర్నరు సర్ బార్టిల్ ఫ్రియరు దక్కనులో పర్యటించినప్పుడు, ఆయన కుమార్తె మేరీ ఫ్రియరు వెంట నుండెను. ఆమె ఆయా పేరు ఆన్నా లిబెరాటా డిసౌజా. గుడారములలో పొద్దు గడపుటకు ఆమెను కథలు చెప్పుమని మేరీ కోరెను. ఆన్నా తాతగారు లింగాయతు కులమువారు. గోవా ప్రాంతమున క్రైస్తవులైరి. కథలను ఆమెకు నేర్పినది ఆమె అమ్మమ్మ. అవి 1868లో లండనునందు “ఓల్డ్ డెక్కన్ డేస్” అను పేర అచ్చైనవి. ఆ గ్రంథమున మొదటి కథ “పంచ్‌కిన్”. అందలి రాచకూతురు పేరు బాల్నా! సవతితల్లి, ఏడుగురు అక్కచెల్లెండ్రు, కుక్కగా మారుట, రాళ్ళైన సేన, చిలుక, అన్నియు యథాతథముగా నున్నవి. బాలనాగమ్మయే పేరు కుదించుకొని ఓడ యెక్కినదని నేను నమ్ముచున్నాను. మతము మారినను ఆ అమ్మమ్మ కథ మార్చుకొనలేదు. దీనిని మా నాయనకు చూపవలసియుండెను. అప్పటికే కాలము మించినది.

పంచ్‌కిన్ కథలో బాలుని మోస మింకను ఘాటుగా నుండును. వాడు తోటమాలి భార్య చీర కట్టుకొని ఆమె కూతురినని చెప్పుకొనును. మాంత్రికుడు ఆ పిల్లను చూచి, గోపురములో నున్న రాణికి పూలు ఇచ్చిరమ్మని తానే పంపును. దొంగకు తాళపుచెవి ఇంటివాడే యిచ్చినట్లైనది. చిలుక యున్న చోటు వర్ణన కూడ చక్కనిది: దట్టమైన యడవి, నడుమ తాటిచెట్ల వలయము, అందులో ఒకదానిపై నొకటి పేర్చిన ఆరు నీటికుండలు, ఆరవదానిక్రింద చిన్న పంజరము.

ప్రాణమును దేహముననుండి తీసి వేరొకచోట దాచిన మాంత్రికులు లోకమంతట నున్నారు. రష్యాదేశపు కొష్చెయ్ ప్రాణము సూదిమొనయందు, సూది గ్రుడ్డులో, గ్రుడ్డు బాతులో, బాతు కుందేటిలో, కుందేలు పెట్టెలో, పెట్టె సముద్రద్వీపమున. నార్వే కథలో రాక్షసుని గుండె సరస్సునడుమ దీవియందలి దేవాలయపు బావిలో ఈదు బాతుగ్రుడ్డులో నుండును. ఫ్రేజరు పండితుడు తన “గోల్డెన్ బౌ” గ్రంథమున ఈ కథలను కూర్చినప్పుడు పంచ్‌కిన్‌నే ముందుగా చెప్పెను. ఇట్టి మాంత్రికుడు ఎంత భయంకరుడో అంత మూఢుడు. చావు తన దేహమున లేదని యెంచి ఎవరికిని భయపడడు. భయపడడు గనుక రహస్యమును బంధితురాలికి నవ్వుచు చెప్పివేయును. బలవంతుల కందరికి ఇట్టి చిలుక యొకటి యెచ్చటనో యుండునని పల్లెవారు ఈ కథను విని ధైర్యము తెచ్చుకొనిరేమో.

ఇప్పుడు మరల ఆర్టెమిస్‌ను చూడుడు. పరీల పుస్తకమే వాని చిలుక. అది చేత నున్నంతవరకు కాలము నాపగలవారుకూడ వాని మాట వినవలసినదే. బాలవర్ధి సముద్రములు దాటి తెచ్చినదానిని ఈ బాలుడు ఛాయాచిత్రముగా తెచ్చుకొనెను. రెండు కథల యంత్ర మొకటే: అతిమానుషుడు ఒక నియమమునకు బద్ధుడై యుండును, ఆ నియమమును తెలిసికొన్న పసివాడు వానిని జయించును. అట్లు తెలిసికొనుటకు మారువేషము, బొంకు, దొంగచూపు తప్పవు. ఎదురుగా పోయి అడిగిన ఎవరు చెప్పుదురు?

అయినచో బొంకుట తప్పు కాదా యని నన్ను విద్యార్థులు అడిగియున్నారు. బైబిలుననే ఐగుప్తు మంత్రసానులు షిఫ్రా, పూయా ఫరోతో నిజము చెప్పక పసిబిడ్డలను బ్రదికించిరి. దేవుడు వారికి మేలు చేసెనని నిర్గమకాండము చెప్పుచున్నది. యెరికో పట్టణమున రాహాబు వేగులవారిని మిద్దెపై జనుపకట్టెలలో దాచి, వారు వెళ్ళిపోయిరని చెప్పెను. వీరందరు బలహీనులు, ఎదుటివారు ప్రాణములు తీయగలవారు. బాలనాగమ్మ వ్రతము పేర చెప్పిన మాటయు ఆ జాతిదే. కథ మొత్తమునకు మొదటి ఉపాయశాలి ఆమెయే గాని కొడుకు కాడు; వానికి ఆ తెలివి తల్లిపాలతో వచ్చినదనవలెను.

దొంగను నాయకుని చేయుట మన పండితులకును క్రొత్త కాదు. దండి “దశకుమారచరితము”న అపహారవర్మ చంపానగరమున లోభులు మెండుగా నున్నారని విని, ధనము నిలువదని వారికి తెలియజేయుటకు కన్నములు వేసెను. 13వ శతాబ్దమున కేతన దానిని తెనిగించి తిక్కనకు అంకితమిచ్చెను. తిక్కనవంటివాడు దానిని స్వీకరించెను. 1951లో వచ్చిన “పాతాళభైరవి”లో తోటరాముడు ధైర్యశాలియైన యువకుని బలి కోరు మాంత్రికుని పన్నాగమును తెలిసికొని, ఆ మాంత్రికునే బలి యిచ్చి భైరవి ప్రతిమను పొందును. మనము చప్పట్లు కొట్టితిమి.

కాని ఆర్టెమిస్‌ను వీరితో ఒకే వరుసలో కూర్చుండబెట్టుటకు నా మనస్సు మొదట ఒప్పుకొనలేదు. బాలవర్ధి పోగొట్టుకొన్నదానిని తెచ్చుకొనబోయెను. ఆర్టెమిస్ తనది కానిదానిని కోరెను. తనకు అపకారము చేయని హాలీని గదిలో బంధించెను. ఈ కథలో ఫకీరు ఎవరని అడిగినచో, మొదటి సగమున ఫకీరు ఆర్టెమిసే. చెరలో నున్నది స్త్రీ. చెరపట్టినవాడు తన తెలివికి మురియువాడు. ఇట్టి కథలో బాలుడు ఫకీరై కూర్చుండుటయే క్రొత్త. చదువరి యెవరి పక్షమున నుండవలయునో తెలియక తికమకపడును. కోల్ఫరు ఆ తికమకను కావలెననియే పెట్టినాడు.

కడపట బంగారము టన్ను చేతికి వచ్చును. అప్పుడు ఆ బాలుడు సగము బంగారము తిరిగి యిచ్చివేసి, దానికి బదులు హాలీని ఒక్కటి కోరును: మేడపైగదిలో నున్న తల్లికి మతి బాగుచేయుమని. పుస్తకము మూయునప్పటికి మేడమీది తలుపు తెరచుకొని తల్లి క్రిందికి వచ్చును. సగమునే యిచ్చెను, అంతయు ఇయ్యలేదని మా తోటి ఉపాధ్యాయుడు ఎత్తిపొడిచెను. నిజమే. వాడు ఫౌలు వంశపువాడు. కాని రెండు రాత్రులు నేను చదివిన కథ బంగారపు కథ కాదని అచ్చట తెలిసినది. తండ్రి కనబడడు, తల్లి ఇంటనే యుండియు అందదు, పెద్దవారు చేయవలసిన లెక్కలన్నియు పిల్లవాడు తలపై వేసికొన్నాడు. నాగళ్లపూడికి పోయినవాడును అట్టివాడే.

అప్పుడు నాకు ఆ సంతకము జ్ఞప్తికి వచ్చినది. వానిని పిలిచి అడిగితిని. ఆ పుస్తకము వానికి డిసెంబరులో హైదరాబాదునుండి వచ్చిన పెదనాన్న కొడుకు ఇచ్చినదట. నేను పాత పత్రములు తీసి చూచితిని. అందమైన సంతకములు జూలైనుండియే యున్నవి! పాపము, ఆర్టెమిస్ నేర్పినది కాదు. తండ్రికి పంపి సంతకము చేయించుట కుదరదు. తల్లికి వ్రాయుట రాదు. వేలిముద్ర వేయించి తెచ్చినచో తరగతిలో నవ్వుదురు. తల్లికి వేయి బీడీలు అప్పగించు దినమున పత్రము సంగతి చెప్పుటకు వానికి నోరు రాలేదట. ఇది యంతయు వాడు తల వంచుకొని, ఏ సమర్థనయు లేకుండ చెప్పెను. మార్కులలో మాత్రము ఏమియు దిద్దలేదు. లెక్కలలో వచ్చిన ముప్పదియొకటి ముప్పదియొకటిగానే యున్నది. నేరమేధావి యనువాడు ముందు దానిని దిద్దడా?

తప్పు తప్పే యని వానికి చెప్పితిని. తోటపనిలో నాలుగు శనివారములు వేసితిని. కాని తండ్రి దూరదేశమున నున్న పిల్లలు మా బడిలో వాడొక్కడే కాదు. ప్రగతిపత్రముపై తండ్రి సంతకము అని అచ్చువేసిన గీతక్రింద, తల్లి సంతకముగాని వేలిముద్రగాని అని చేర్చుటకు ప్రధానోపాధ్యాయులు ఒప్పుకొనిరి. ఎన్నియేండ్లుగా ఆ గీత అట్లే యుండెనో, మాలో నెవరమును ఏల చూడలేదో!

పుస్తకమును వానికి తిరిగి యిచ్చునప్పుడు, పంచ్‌కిన్ కథను నేను తెనిగించిన చేవ్రాతప్రతి కూడ ఇచ్చితిని. బాలనాగమ్మను వాడు వినియుండలేదు. ఇంట ఎవరైన చెప్పుదురేమో అడుగుమంటిని. రెండుదినములకు వచ్చి, తన అమ్మమ్మకు తెలియుననియు, ఆమె చెప్పిన కథలో చిలుక యున్నది కుండలక్రింద కాదనియు, మఱ్ఱితొఱ్ఱలో ననియు, నా ప్రతిలో దిద్దవలసినదనియు చెప్పెను. అది వేరొక పాఠమని నేను చెప్పినను వానికి తృప్తి కలుగలేదు.

ప్రతి తిరిగి యిచ్చినప్పుడు చివరిపుట అడుగున ఒక వరుస విచిత్రమైన గుర్తులు గీసియుండెను. ఆర్టెమిస్ పుస్తకమున ప్రతిపుట అడుగునను పరీలిపిలో ఒక సందేశము నడచును. గుర్తుకు ఒక ఆంగ్లాక్షరము చొప్పున విప్పుకొనవలెను. వాడు ఆ లిపినే వ్రాసినాడు. నేను రెండు సాయంకాలములు దీపము ముందు కూర్చుండి, అక్షరమునకు అక్షరము పోల్చి విప్పితిని. నా అనువాదమున ఏడవపుటలో ఒకటి, పదునొకండవపుటలో ఒకటి అక్షరదోషము లున్నవని వ్రాసియుండెను. చూచితిని; ఉన్నవి.